ఆరోగ్య శాస్త్రాల విద్యార్థుల స్వయంనిర్దేశిత ఆన్‌లైన్ అభ్యసనం: నెల్లూరు మెట్ట ప్రాంతం

ఏం నేర్చుకోవాలి, ఎందుకు నేర్చుకోవాలి, అది ఎక్కడ దొరుకుతుంది, వచ్చిందో రాలేదో ఎలా తేల్చుకోవాలి అన్న నాలుగు సంగతులనూ విద్యార్థి తానే నిర్ణయించుకొని సాగించే చదువును స్వయంనిర్దేశిత అభ్యసనం అంటారు. ఇంటర్నెట్ ముఖ్య ఆధారంగా సాగితే అది స్వయంనిర్దేశిత ఆన్‌లైన్ అభ్యసనం. ఎంబీబీఎస్, బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, ఆయుష్ కోర్సులు చదివేవారందరూ ఇప్పుడు ఏదో ఒక మేరకు ఫోన్‌లో చదువుతున్నవారే. అయితే ఆ చదువంతా ఈ పేరుకు తగదు. పాఠాన్నీ, దాని వరుసనూ, చివర పరీక్షనూ యాపే నిర్ణయించినప్పుడు దారి చూపుతున్నది యాప్. విద్యార్థి మనసులో సొంత ప్రశ్న పుట్టి, దాని వెంట అతను వెళ్లినప్పుడే స్వయంనిర్దేశం మొదలవుతుంది. ఈ తేడా పుస్తకాల్లో కంటే కలిగిరి లాంటి ఊళ్లో స్పష్టంగా తెలుస్తుంది.

కలిగిరి నెల్లూరు జిల్లా ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం, కొండాపురం, దక్షిణాన ఆత్మకూరు వైపు పల్లెలు కలిసి జిల్లాలో మెట్ట ప్రాంతం. తూర్పున పెన్నా డెల్టాలో వరి, తీరం వెంబడి రొయ్యల చెరువులు ఉంటే, ఇక్కడి సేద్యానికి వాన, బోరు దిక్కు. పొగాకు ముఖ్యమైన పంట. పొగాకు బోర్డు వేలం కేంద్రం కలిగిరిలోనే ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో వైద్య కళాశాల లేదు. డాక్టరు చదువుకు నెల్లూరులో 2014లో మొదలైన ఆనం చెంచు సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలకో, అక్కడి ప్రైవేటు కళాశాలకో వెళ్లాలి. సీటు రాకపోతే ఒంగోలు, తిరుపతి, కడప. అందుచేత ఇక్కడి ఆరోగ్య విద్యార్థి చదువు రెండు చోట్ల సాగుతుంది. హాస్టల్లో ఉన్నంతకాలం లైబ్రరీ, వార్డు, సీనియర్లు అందుబాటులో ఉంటారు. సెలవులకో, ఇంటర్న్‌షిప్ ముగించి పోటీ పరీక్షకు చదవడానికో ఇంటికొస్తే అన్నిటికీ ఫోనే ఆధారం.

వెనుకటి దారి

స్వయంనిర్దేశిత అభ్యసనాన్ని పెద్దల విద్యకు ఒక పద్ధతిగా రూపుకట్టినవారిలో అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ ప్రముఖుడు. అదే పేరుతో ఆయన పుస్తకం 1975లో వచ్చింది. వైద్య విద్యలో ఈ ఆలోచన అంతకుముందే ఆచరణలో ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో ఉపన్యాసాలను తగ్గించి, ఒక రోగి సమస్యను విద్యార్థుల ముందు పెట్టి, దానికి కావలసిన శాస్త్రాన్ని వారినే వెతుక్కోమంది. సమస్య ముందు, పాఠం తరువాత అన్న ఆ వరుసే తరువాత వచ్చిన ఆన్‌లైన్ పద్ధతుల్లో మంచివాటన్నిటికీ మూలం.

తెలుగునాట తరగతి గది బయట చదువుకు పునాది 1982లో హైదరాబాదులో పడింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం అప్పుడే మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. ఆరోగ్య శాస్త్రాలకు విడిగా విజయవాడలో విశ్వవిద్యాలయం 1986లో ఏర్పడింది. అదే నేటి డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. నెల్లూరు వైద్య, నర్సింగ్ కళాశాలల పరీక్షలు దాని కిందే జరుగుతాయి. 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో ఆస్పత్రి ఉపగ్రహ సంధానంతో టెలిమెడిసిన్ నడపడం, అదే కాలంలో ఆ సంస్థ హైదరాబాదు నుంచి మెడ్‌వర్సిటీ పేరుతో వైద్య కోర్సులను ఇంటర్నెట్లో పెట్టడం తొలి అడుగులు. కానీ అప్పట్లో మెట్ట పల్లెలో కంప్యూటరే అరుదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోయింది, 2017 జులైలో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల స్వయం వేదికను ప్రారంభించింది. విద్యార్థి చేతిలోకి వీడియో పాఠం నిజంగా వచ్చింది ఆ తరువాతే.

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే నమోదైంది. ఆ నెలలోనే కళాశాలలు మూతపడి విద్యార్థులు ఊళ్లకు చేరారు. అంతవరకు అదనపు సౌకర్యంగా ఉన్న ఆన్‌లైన్ పాఠం ఒక్కసారిగా ఏకైక పాఠమైంది. ఏప్రిల్‌లో దీక్షా వేదిక మీద ఐగాట్ పేరుతో వైద్యులకు, నర్సులకు, ల్యాబ్ సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు కోవిడ్ శిక్షణ కోర్సులు వచ్చాయి. ఆ ఏడాది నేర్పిన పాఠాలు రెండు. సిద్ధాంతం చాలావరకు ఇంట్లో కూర్చొని నేర్చుకోవచ్చు. రోగి లేకుండా క్లినికల్ పోస్టింగ్ జరగదు.

నిబంధనల్లోకి

2019లో చేరిన ఎంబీబీఎస్ విద్యార్థుల నుంచి సామర్థ్య ఆధారిత పాఠ్య ప్రణాళిక అమల్లోకి వచ్చింది. పట్టభద్రుడైన వైద్యుడు చికిత్సకుడిగా, బృంద నాయకుడిగా, సభ్యుడిగా, చక్కగా మాట్లాడగలిగినవాడిగా, వృత్తి నిబద్ధుడిగా ఉండటంతోపాటు జీవితాంతం నేర్చుకునేవాడిగానూ ఉండాలని అది చెబుతుంది. ఈ చివరిదాని కోసం టైంటేబుల్‌లో స్వయంనిర్దేశిత అభ్యసనానికి విడిగా గంటలు కేటాయించారు. 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్య ప్రణాళికలో సెమిస్టర్ పద్ధతితోపాటు స్వయంగా చదువుకునే గంటలూ చేరాయి. పీజీ విద్యార్థులకూ అధ్యాపకులకూ జీవవైద్య పరిశోధన ప్రాథమిక కోర్సు తప్పనిసరి. దాన్ని నడిపేది చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ అంటువ్యాధి శాస్త్ర సంస్థ, పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే.

టైంటేబుల్‌లో గంట రాసినంత మాత్రాన అలవాటు రాదు. మన విద్యార్థి బైపీసీ రెండేళ్లు చాలాసార్లు రెసిడెన్షియల్ కళాశాలలో గడుపుతాడు. తెల్లవారుజామున లేపే గంట నుంచి రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా ఏ సబ్జెక్టు ఎప్పుడు తెరవాలో మరొకరు చెబుతారు. వారాంతపు పరీక్ష, ర్యాంకు, మళ్లీ పరీక్ష. ఇలా చదివి నీట్ దాటిన పిల్లవాడికి మొదటి ఏడాది అనాటమీ హాలులో ఈ గంట నీ ఇష్టం అంటే ఏం చేయాలో తోచదు. ఆ తికమక అతని తప్పు కాదు. ఎంచుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే చాలామంది ఆ ఖాళీని మరో యాప్‌తో నింపుకుంటారు.

పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధం చేసే మారో, ప్రెప్‌ల్యాడర్ వంటి యాప్‌లు ఇప్పుడు మొదటి ఏడాది విద్యార్థుల ఫోన్లలోనూ ఉన్నాయి. వాటి వీడియోలు శుభ్రంగా ఉంటాయి, ప్రశ్నల నిధులైన క్యూబ్యాంకులు జ్ఞాపకాన్ని పదును పెడతాయి, కష్టమైన పాథాలజీ అధ్యాయం అరగంటలో అర్థమవుతుంది. ఇది చిన్న మేలు కాదు. మంచి అధ్యాపకుడు దొరకని కళాశాలలో చదివే విద్యార్థికి అవి నిజమైన ఆసరా. అయితే పరీక్షలో రాని ప్రశ్న వాటిలో ఉండదు. వరికుంటపాడు బోరు నీళ్ల గురించి ఏ క్యూబ్యాంకూ అడగదు.

ఒక ప్రశ్న వెంట: ఫ్లోరైడ్

స్వయంనిర్దేశిత అభ్యసనం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడటానికి మెట్టలో ఎదురుగా ఉన్న ఉదాహరణ, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్. ఊళ్లో కొందరి పళ్ల మీద గోధుమరంగు చారలు, కొందరు ముసలివాళ్లలో బిగుసుకున్న నడుము, వంగని మోకాళ్లు. ఇది చూస్తూ పెరిగిన నర్సింగ్ విద్యార్థినో, దంత వైద్య విద్యార్థో ఒకరోజు వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్‌లో ఫ్లోరోసిస్, నెల్లూరు అన్న రెండు మాటలు కొట్టి వెతికితే దొరికేది చిన్న విషయం కాదు. మనదేశంలో ఈ వ్యాధిని శాస్త్రీయంగా గుర్తించి తొలిగా వెలువరించిన నివేదికల్లో ఒకటి నెల్లూరు జిల్లాదే. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో దాన్ని ప్రచురించారు. ఆ పత్రిక పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నాయి. ఎనభై ఏళ్లు దాటిన పేజీని ఇప్పుడు కలిగిరిలో ఫోన్ మీద తెరిచి చదవవచ్చు.

చదివితే మరికొన్ని తలుపులు తెరుచుకుంటాయి. 1937 నాటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి కూడా ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్లాయి. ఉదయగిరి, ఆత్మకూరు ఇటు మిగిలాయి. అంటే పాత నివేదికల్లోని నెల్లూరు నేటి నెల్లూరు కాదు, ఆ సంగతి తెలియకుండా అంకెలు పోల్చకూడదు. పశువుల కీళ్లు బిగుసుకుపోతున్నాయని రైతులే ముందు గమనించారని ఫ్లోరోసిస్ చరిత్రలో చెబుతారు. విద్యార్థి తన తాతను అడగదగిన ప్రశ్న అక్కడే దొరుకుతుంది. ముగ్గురు రచయితల్లోని పండిట్ తరువాత భారత వైద్య పరిశోధనా మండలికి (ఐసీఎంఆర్) తొలి డైరెక్టరయ్యారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి నాగపూరు నీరీ సంస్థ నుంచి వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలనీ, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. ఫ్లోరోసిస్ నివారణ జాతీయ కార్యక్రమం 2008–09లో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది.

ఇంతవరకు ఆన్‌లైన్ చదువు విద్యార్థిని తీసుకొచ్చింది, అదీ ఖర్చు లేకుండా. ఇక్కడి నుంచి అది ఒంటరిగా నడిపించలేదు. పళ్ల మీది మచ్చలను డీన్ సూచిక ప్రకారం ఆరు తరగతులుగా విడదీస్తారు. తరగతుల నిర్వచనాలు, ఫొటోలు నెట్‌లో ఉన్నాయి. అవి చూసి పరీక్షలో రాయవచ్చు. బడిలో పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఇది అతి స్వల్పమా, స్వల్పమా అని తేల్చేటప్పుడు కన్ను తడబడుతుంది. అనుభవమున్న దంతవైద్యుడి పక్కన నిలబడి, ఇద్దరూ విడివిడిగా గుర్తులు వేసుకొని, ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకుంటేనే కన్ను కుదురుకుంటుంది. మచ్చ ఫ్లోరైడ్‌దా, పుచ్చుపన్ను తొలి చారా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

పొగాకు సంగతీ అలాంటిదే. పచ్చాకు కొట్టే కూలీలకు వికారం, వాంతులు, తలతిరుగుడు రావచ్చు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్లడం అందుకు కారణం. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కే చోటు ఒకటి రెండు వాక్యాలు. అమెరికా, గుజరాత్ పొగాకు కూలీల మీద వచ్చిన పరిశోధన నెట్‌లో చదివిన విద్యార్థికి మాత్రం, పంట కోసే రోజుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వాంతులతో వచ్చిన మనిషిని ఏ పనికెళ్లావని అడగాలని తడుతుంది.

పరిశోధన చెప్పేది

ఆన్‌లైన్ ఆరోగ్య విద్య మీద పరిశోధన విస్తారంగా ఉంది, దాని సారం స్థిరంగా ఉంటుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన డేవిడ్ కుక్ బృందం 2008లో 201 అధ్యయనాలను కలిపి చూసింది. ఏమీ నేర్పకపోవడంతో పోలిస్తే ఇంటర్నెట్ పాఠం ప్రయోజనం చాలా ఎక్కువ. మామూలు తరగతితో పోలిస్తే తేడా చిన్నది. అంటే కళాశాలకు దూరంగా ఉన్న విద్యార్థికి దీని విలువ ఎక్కువ, కళాశాలలో మంచి గురువున్న విద్యార్థికి తక్కువ. 2010లో మురాద్ బృందం 59 అధ్యయనాలు, 8,011 మంది అభ్యాసకుల ఫలితాలను పరిశీలించింది. స్వయంనిర్దేశిత అభ్యసనం జ్ఞానాన్ని మోస్తరుగా పెంచింది, నైపుణ్యాలలో చెప్పుకోదగ్గ మార్పు తేలేదు. వనరులను ఎంచుకునే పనిలో విద్యార్థికీ భాగం ఇచ్చినచోట, పై తరగతుల వారిలో ఫలితం మెరుగు. డీన్ సూచిక దగ్గర విద్యార్థి ఆగిపోయిన చోటే ఈ అంకెలూ ఆగుతున్నాయి.

ఎలా చదవాలన్నదాని మీద కూడా గట్టి ఆధారాలున్నాయి. రోడిగర్, కార్పిక్ 2006లో చూపినదాని ప్రకారం, అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారి కంటే చదివాక పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారికి వారం తరువాత ఎక్కువ గుర్తుంటుంది. మరచిపోబోయే ముందు మళ్లీ అడిగే అంకి వంటి ఉచిత కార్డుల సాఫ్ట్‌వేర్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. రెట్టింపు వేగంతో వీడియో చూసి అర్థమైందనుకోవడం వేరు, వైవాలో నోరు తెరిచి చెప్పగలగడం వేరు. సొంతంగా చదివే విద్యార్థికి ఎదురుగా ప్రశ్న అడిగే గురువు ఉండడు కాబట్టి తనను తాను ప్రశ్నించుకోవడం ఇక్కడ రెండింతలు అవసరం.

అడ్డంకులు

కొండల అంచున ఉన్న ఊళ్లలో సిగ్నల్ ఇంటింటికీ మారుతుంది. మిద్దె ఎక్కి డౌన్‌లోడ్ చేసుకొని కిందికొచ్చి చదవడం మామూలు. దానికంటే లోతైన అడ్డు ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం, పురుషుల్లో 49 శాతం. పల్లెల్లో మహిళల వాటా ఇంకా తక్కువ. నర్సింగ్, ఏఎన్ఎం కోర్సుల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. కళాశాలలో ఉన్నప్పుడు సొంత ఫోన్ ఉన్న అమ్మాయి కూడా ఇంటికొస్తే వంటా, తమ్ముడి ఆన్‌లైన్ క్లాసూ, చుట్టాలూ దాటుకొని చదువుకు కూర్చోవాలి. ఆన్‌లైన్ చదువు అందరికీ సమానమని చెప్పే మాటలో ఆమె గంటలు లెక్కలోకి రావు. ఇది సరిచేయగలిగిన అన్యాయం. ఏఎన్ఎం శిక్షణ కేంద్రంలోనో, మండల గ్రంథాలయంలోనో సాయంత్రం రెండు గంటలు వైఫై, కుర్చీ, నిశ్శబ్దం కల్పిస్తే చాలావరకు తీరుతుంది.

పాఠమంతా ఇంగ్లిష్‌లో ఉండటం మరో సంగతి. నీట్ పరీక్షను తెలుగులో రాయవచ్చు, ఆ తరువాత తెలుగులో వైద్య పాఠ్యపుస్తకం లేదు. మధ్యప్రదేశ్ 2022 అక్టోబరులో ఎంబీబీఎస్ తొలి ఏడాది పుస్తకాలను హిందీలో తెచ్చింది. తెలుగులో అంత పెద్ద ప్రయత్నం జరగలేదు. యూట్యూబ్‌లో ఇంగ్లిష్ పదాలను తెలుగు వాక్యాల్లో కలిపి చెప్పే పాఠాలు మొదటి ఏడాది తెలుగు మీడియం పిల్లల్ని గట్టెక్కిస్తున్నాయి, వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు. రోగి చరిత్ర అడగడం మాత్రం ఏ విదేశీ వీడియో నుంచీ రాదు. ఛాతీ పట్టేసినా, కడుపు ఉబ్బినా మన పెద్దవాళ్లు గ్యాస్ అనే చెబుతారు. ఏది గుండెదో విడదీసే తరువాతి ప్రశ్నలు వార్డులో సీనియర్ వెనుక నిలబడి వినాలి.

మంచి సమాచారాన్ని వడగట్టడం మూడోది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఆయుర్వేద మందు పంచుతున్నారన్న వార్త ఫోన్ల మీదుగా పాకి వేలమంది అక్కడికి చేరారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి కొన్ని మందుల పంపిణీకి అనుమతి ఇచ్చింది. ఆ వారాల్లో జిల్లాలోని ప్రతి ఆరోగ్య విద్యార్థినీ ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు వాడొచ్చా అని అడిగి ఉంటారు. హాని లేకపోవడం, పనిచేయడం అన్నవి రెండు వేరు ప్రశ్నలనీ, రెండోదానికి నియంత్రిత ప్రయోగం కావాలనీ పెద్దవాళ్లను నొప్పించకుండా చెప్పగలగడం ఏ పరీక్షా అడగని సామర్థ్యం. ఒక చికిత్స మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలను చదవడం అలవాటైతే అది వస్తుంది. 2007లో ఐసీఎంఆర్ ఆ సమీక్షలుండే కాక్రేన్ గ్రంథాలయాన్ని దేశమంతటికీ ఉచితంగా తెరిపించింది.

పరిశోధన పత్రికల అందుబాటు ఇటీవల మారింది. ఒకే దేశం ఒకే చందా పథకం 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థల సుమారు 13 వేల పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధనా సంస్థలకు అందిస్తోంది. ప్రైవేటు కళాశాలలు తొలి దశలో లేవు. ఒకే పట్టణంలో ప్రభుత్వ కళాశాల విద్యార్థికి తెరుచుకునే వ్యాసం ప్రైవేటు కళాశాల విద్యార్థికి డబ్బు అడుగుతుంది. ఇద్దరూ రేపు అదే మెట్ట రోగులను చూస్తారు కాబట్టి రెండో దశ త్వరగా రావాలి.

ఊరికి చేరే చదువు

జాతీయ వైద్య కమిషన్ ఎంబీబీఎస్ విద్యార్థులకు కుటుంబ దత్తత కార్యక్రమాన్ని పెట్టింది. ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను మొదటి ఏడాది నుంచే అనుసరిస్తూ వారి రక్తపోటు, మధుమేహం, పిల్లల ఎదుగుదల, తాగునీరు రాసుకుంటాడు. స్వయంనిర్దేశిత అభ్యసనానికి ఇంతకంటే మంచి ప్రశ్నల గని లేదు. లాగ్‌బుక్ నింపడానికి ఒకసారి వెళ్లి సంతకం తెచ్చుకుంటే అది మరో హాజరు పట్టీగా మిగులుతుంది. ఆ ఇంట్లో చూసినదాన్ని రాత్రి వెతికి చదివి, మరుసటి నెల అదే ఇంటికి మరో ప్రశ్నతో వెళ్లేలా అధ్యాపకుడు అడుగుతూ ఉంటే చదువవుతుంది.

చదువు పూర్తిచేసి ఊళ్లకు వచ్చినవారికి ఈ అవసరం ఇంకా ఎక్కువ. బీఎస్సీ నర్సింగ్ చదివి గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది పక్కన డాక్టరు ఉండరు. 2019 నవంబరులో కేంద్రం ఇ-సంజీవని టెలిమెడిసిన్‌ను ఆరోగ్య కేంద్రాలకు తెచ్చినప్పుడు ముందుగా అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పల్లె కేంద్రంలో నర్సు, రోగి ఒకవైపు, హబ్‌లో వైద్యుడు మరోవైపు. చాలాసార్లు అది మందు చీటీ తెచ్చుకునే పనిగా ముగుస్తుంది. అదే సంభాషణను పాఠంగా మలిచే పద్ధతి ప్రపంచంలో ఉంది: అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే వైద్యుడు 2003లో మొదలుపెట్టిన ఎకో. మారుమూల వైద్య సిబ్బంది తమ రోగుల కేసులను వారం వారం వీడియోలో నిపుణుల ముందు పెడతారు, కలిసి చర్చిస్తారు, తిరిగి తమ రోగికి తామే వైద్యం చేస్తారు. బెంగళూరు నిమ్హాన్స్ దాన్ని మానసిక ఆరోగ్యానికి వాడుతోంది. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి కేంద్రాల నర్సులు ఫ్లోరోసిస్, రక్తపోటు, పాముకాటు కేసులతో నెల్లూరు వైద్య కళాశాల అధ్యాపకుల ముందు వారానికి ఒక గంట అలా కూర్చోవడానికి కావలసిన ఫోన్, కెమెరా, నెట్ ఇ-సంజీవని కోసం ఇప్పటికే ఆ కేంద్రాలకు చేరాయి. ఇక కావలసింది అధ్యాపకుల టైంటేబుల్‌లో ఆ గంట.